కాఫీకి రెండు, బీరుకు ఆరు

లండన్ వెళ్ళొచ్చినవాళ్ళు లండన్ గురించి రాస్తారు, కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు. నేను పోయిన శనివారం యూనివర్సిటీ క్యాంపస్ నుంచి తార్నాక వెళ్ళొచ్చాను. దూరం రెండు మైళ్ళకు కాస్త తక్కువ. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓడ ఎక్కే ముందు సూదులు పొడిపించుకోనక్కర్లేదు. ఇంత చిన్న ప్రయాణానికి ఇంత రాతేమిటి అనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను. ఈ రెండు మైళ్ళలో జర్మనీ కాఫీ, ఇంగ్లీషువాళ్ళ కాలం కాఫీ, తార్నాక కాఫీ మూడూ పోటీపడ్డాయి. మా నాన్న వంటగది ఉంటుందో ఊడుతుందో ఆ పోటీ మీదే తేలాల్సి వచ్చింది.

నేను క్యాంపస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ని. రోజుకు ఎనిమిది గంటలు చేతిలో ఫోన్ ఉంటుంది. ఇంటికెళ్ళాక కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే కూర్చుంటానని అమ్మ తిడుతుంది. ఆపరేటర్లు అవతలివాళ్ళ మాటలు వినకూడదన్నది రూలు. లైన్ సరిగ్గా కలిసిందో లేదో చూసుకోవాలన్నది ఇంకో రూలు. ఈ రెండు రూళ్ళ మధ్య ఉన్న సందులోంచి నాకు యూనివర్సిటీ సంగతులు చాలానే తెలిశాయి.

మా నాన్న దేవదానం క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో వంటగది నడుపుతాడు. అంతకు ముందు పదిహేనేళ్ళు సికిందరాబాద్‌లో మిలిటరీ ఆఫీసర్ల మెస్సులో బట్లర్. మొదట ఇంగ్లీషు దొరలకు పెట్టాడు, వాళ్ళు పోయాక మనవాళ్ళకు పెట్టాడు. గెస్ట్‌హౌస్ కాంట్రాక్టు ఏడాదికోసారి కొత్తగా రాస్తారు. ఆ సంతకం సూపరింటెండెంట్ సారుది.

బుధవారం పొద్దున పదకొండింటికి సూపరింటెండెంట్ సారు యూనివర్సిటీ పెద్ద సారు, అంటే వైస్ ఛాన్సలర్ గారి ఇంటికి లైన్ అడిగాడు. కలిపాను. కలిసిందో లేదో చూసుకున్నాను.

"సార్, శుభవార్త సార్. మన బీరుకు ఆరొచ్చింది!"

గెస్ట్‌హౌస్‌లో అప్పటికి మూడు వారాల నుంచి డాక్టర్ హెర్మన్ అనే జర్మన్ ప్రొఫెసర్ ఉంటున్నాడు. కెమిస్ట్రీ. ఓడలో బొంబాయి దాకా వచ్చి, దారి పొడుగునా ప్రతి ఊళ్ళో కాఫీ, బీరు తాగి, నీలం అట్ట నోట్‌బుక్‌లో ఊరి పేరు రాసి, ఎదురుగా ఒక అంకె వేసుకుంటాడు. ఆ నోట్‌బుక్ ఆయన టిఫిన్ బల్ల మీద మర్చిపోయి వెళ్ళినప్పుడు సూపరింటెండెంట్ సారు తీసి చూశాడు. ఆ సంగతే ఇప్పుడు ఫోన్లో.

"వాళ్ళ సొంత ఊరి బీరుకు ఒకటే వేసుకున్నాడు సార్. నిజాయితీ మనిషి. మనకు ఆరు! కాకపోతే కాఫీ పరువు తీసింది సార్, పదికి రెండు. శనివారం నాలుగింటికి ఆయన గౌరవార్థం టీ పార్టీ ఉంది గదా. అప్పుడు కూడా ఇట్లనే ఉంటే వంటగది మార్చేద్దాం. విద్యానగర్‌లో మా బావమరిది మెస్ నడుపుతున్నాడు సార్, మంచి చెయ్యి."

నాకు కోపం ఎక్కువ. వైరు పీకేశాను. లైన్ కట్టయిందని ఆయన మళ్ళీ చేశాడు. మళ్ళీ కలిపాను. ఉద్యోగం అంటే అదే.

సాయంత్రం ముషీరాబాద్‌లో ఇంటికి వెళ్ళి చెప్తే నాన్న బూట్ల లేసులు విప్పుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"రెండా? పదికా, వందకా?"

"పదికే నాయినా."

"తెల్లోళ్ళకు ఏండ్లకేండ్లు పోసిన. ఒక్కడన్న మొకం తిప్పుకోలే." అని రెండో బూటు విప్పడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు.

నాన్న కాఫీకి ఒక పద్ధతి ఉంది. ఇంగ్లీషువాళ్ళ మెస్సులో కాఫీ సీసాల్లో వచ్చేదట, నల్లగా, చిక్కగా, పాకంలా. అందులో సగం కాఫీ, సగం చికోరీ. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. సీసాలు రావడం ఆగిపోయాక నాన్న ఆ రుచి వదల్లేదు. పొడిలో సగానికి సగం చికోరీ కలిపి, చిటికెడు ఉప్పు వేసి కాస్తాడు.

"ఈ కాలంల చికోరీ ఎవరు తాగుతరు నాయినా? తార్నాకల కొత్తగ కాఫీ షాపు వడ్డది, అసలు పొడి అమ్ముతరట. శనివారం పోయి తెద్దాం," అన్నాను. నాన్న ఒప్పుకోలేదు, కాదనలేదు. మూడు రాత్రులు మంచం మీద అటూ ఇటూ దొర్లిన చప్పుడు మాత్రం వినిపించింది.

శనివారం డ్యూటీ నా తోటి అమ్మాయికి అప్పగించి పది గంటలకు గెస్ట్‌హౌస్‌కు వెళ్ళాను. నాన్న సంచి తీసుకుని మెట్లు దిగుతుంటే వరండాలో కూర్చున్న హెర్మన్ దొర ఎక్కడికని అడిగాడు. తార్నాకకు, కాఫీ కోసం అన్నాను. నాది మిషన్ స్కూలు ఇంగ్లీషు, ఆయనది జర్మనీ ఇంగ్లీషు, సరిపోయింది.

"తార్నాక నా నోట్‌బుక్‌లో లేదు. నేనూ వస్తాను," అని టోపీ పెట్టుకున్నాడు.

నాకిది బాగానే ఉందనిపించింది. పరీక్ష పెట్టే మనిషినే పుస్తకాల షాపుకు తీసుకెళ్ళినట్టు. ఆయన దేనికి ఎక్కువ వేస్తే అది కొంటాం, నాలుగింటికి అదే పోస్తాం.

పది ఇరవైకి నడక మొదలు. పది నలభై ఐదుకు డబల్ డెక్కర్ వచ్చింది. పదేసి పైసల టికెట్లు మూడు. కింద జాగా లేదు, మెట్ల దగ్గర నిలబడ్డాం. దొర తల పైకప్పుకు తగులుతోంది.

"దొర్సాబ్, ఆగే బఢో, ఆగే!" అని ముందుకు జరగమంటూ కండక్టర్ ఆయన వీపు మీద తట్టాడు.

పక్కన కూరగాయల గంపతో ఒక పెద్దమ్మ కూర్చుంది. దొరను కిందినుంచి పైదాకా చూసి నన్నడిగింది. "ఏమే పిల్లా, గీనకు జరమొచ్చిందా? మొకం గంత ఎర్రగున్నది."

"జరం కాదు పెద్దమ్మా. జర్మనీ దొర."

"గాడ ఎండ గొట్టదా?"

"అంతగనం కొట్టదట."

"మరి పంటలెట్ల పండుతయ్?"

దొర ఆమె ఏమడిగిందని నన్ను అడిగాడు. చెప్పాను. బంగాళాదుంపలు బాగా పండుతాయని చెప్పమన్నాడు. అది వినగానే ఆమె గంప మీది గుడ్డ తీసి, "ఆలుగడ్డలు నా దగ్గర లెవ్వు గని వంకాయలు లేతయి, తీస్కొమ్మను," అంది. దొర అర కిలో కొన్నాడు. దిగే దాకా వాటిని రెండు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

పదకొండు ఐదుకు తార్నాక. మొదట చౌరస్తాలో ఇరానీ హోటల్‌కు వెళ్ళాం. వెయిటర్ కాఫీ అన్న మాట విని చేతి గుడ్డ భుజం మార్చుకున్నాడు.

"కాఫీయా? దొరకు చాయ్ తాగమను బేటీ. ఈడ అందరు చాయే తాగుతరు."

దొర కాఫీయే కావాలన్నాడు. వెయిటర్ లోపలికెళ్ళి ఎవరితోనో వాదించాడు. పది నిమిషాలకు కప్పు వచ్చింది. చాయ్ కేతిలిలోనే కాచారని వాసనే చెబుతోంది. దొర ఒక గుక్క తాగి, కప్పును చేతికి అందనంత దూరం జరిపి, నోట్‌బుక్ తీసి అంకె వేశాడు. నేను తొంగి చూశాను. ఐదు.

నాన్న చెవిలో చెప్పాను. నాన్న కేతిలి వైపు చాలాసేపు చూశాడు.

"దీనికి అయిదా? నాకు రెండు, గీ కేతిలి నీళ్ళకు అయిదా? ఏం పాపం చేసిన్నే నేను?"

పదకొండు నలభైకి కాఫీ షాపు. వీధిలోకి తిరగక ముందే గింజలు వేగుతున్న వాసన. మిషన్ గరగరలాడుతోంది. షాపాయన గుంటూరు వైపు మనిషి, నుదుట విభూతి, చేతికి పొడి.

"చికోరీ ఉన్నదా?" అని నాన్న అడిగాడు, అలవాటు కొద్దీ.

"ఆ మాట నా షాపులో ఎత్తకండి బాబూ! నా దగ్గర అంతా ప్యూరు. చికోరీ తాగేది నోరు చచ్చినవాళ్ళు."

షాపాయన ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ దించి, దొర కోసమని రెండింతల చక్కెర వేసి, గిన్నెకూ గ్లాసుకూ మధ్య మూరెడు ఎత్తునుంచి తిరగబోసి ఇచ్చాడు. దొర తాగాడు. బాగుందని గాని బాగాలేదని గాని మొహంలో ఏమీ లేదు. నాలుగు వేశాడు.

"నాలుగు!" అన్నాను. "నాయినా, మనకు రెండింతలు. ఇదే కొందాం."

నాన్న లెక్కలో నాకంటే గట్టి. "ఇరానీ హోటల్కు అయిదు, ఈనకు నాలుగు. గట్లయితే ఆ కేతిలిదే కొనుక్కపోవాలె గద?"

"ఆ నీళ్ళు పార్టీల పోస్తే ప్రొఫెసర్లంత లేచి పోతరు."

"అయిదొచ్చినంక ఎందుకు పోతరు?"

నాకు కోపమొచ్చింది. అర కిలో ప్యూరు పొట్లం కట్టించాను.

పన్నెండున్నరకు ఆకలి. తార్నాకలో ఒక మిలిటరీ హోటల్‌కు వెళ్ళాం. నేనున్నానని మమ్మల్ని పరదా కట్టిన ఫ్యామిలీ గదిలోకి పంపించారు. మూడు బిర్యానీలు, దొరకు ఒక బీరు. బీరు సీసా ఎండలో నడిచొచ్చినంత వెచ్చగా ఉంది. సర్వర్ అది పట్టుకుని చూసి, ఏదో లోపం ఉందని తనకే తోచి, ఒక ఐసు గడ్డ తెచ్చి గ్లాసులో వేశాడు. రంపం పొట్టు అంటుకుని ఉంది. నాన్న కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏంరా, బీరుల ఐసా? ఇంగ్లీషోళ్ళ కాలంల సీసను తడి గోనెసంచిల చుట్టి బావిలకు దించేటోళ్ళం. పొద్దుగూకినంక తీస్తే పంటికి సల్లగ తగిలేది. గాళ్ళు పోయిండ్రు, గా సోకు గూడ పోయింది."

దొర గ్లాసెత్తాడు. గుక్క వేశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో ఆముదం తాగించేటప్పుడు మేమందరం పెట్టిన మొహమే అది. పొట్టు ఒకటి వేలితో తీసి పళ్ళెం అంచుకు రాశాడు. తర్వాత నోట్‌బుక్ తీసి, పెన్సిల్ ఒత్తి మరీ రాశాడు. ఆరు.

ఇంక నావల్ల కాలేదు.

"కళ్ళు మూసుకుని తాగారు. అయినా ఆరెలా వేశారు?" అని అడిగేశాను.

ఆయన మర్యాదగా గ్లాసు పక్కన పెట్టాడు. "ఆరు తర్వాత అంకె లేదమ్మా. ఉంటే అదే వేసేవాణ్ణి."

"అంటే?"

"మా దేశంలో బడిపిల్లలకు అలాగే వేస్తారు. ఒకటి వస్తే చాలా మంచి విద్యార్థి. రెండు వస్తే మంచి విద్యార్థి. నాలుగైతే సరే, గట్టెక్కాడు. ఐదు, ఆరు వస్తే తప్పినట్టే." ఆయన నావైపు వింతగా చూశాడు. "ఎందుకు? మీకు ఎలా వేస్తారు?"

నేను నాన్నకు తెలుగులో చెప్పాను. నాన్న చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నా రెండు అంటే ఎంతనట?"

"మన లెక్కల ఫస్ట్ క్లాస్ నాయినా."

దొర తన మాట ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తాడు. "మీ నాన్నతో చెప్పు. పాలు కొంచెం తగ్గిస్తే ఒకటి వేస్తాను. యుద్ధం రోజుల్లో మాకు కాఫీ దొరికేది కాదు. మా అమ్మ చికోరీ వేర్లు వేయించి కాచి ఇచ్చేది. రోజూ తిట్టుకుంటూ తాగేవాణ్ణి. యుద్ధం అయిపోయాక అసలు కాఫీ వచ్చింది, ఇంక ఆ డబ్బా ఇంట్లో కనిపించలేదు. అమ్మ పోయింది. మీ గెస్ట్‌హౌస్‌లో మొదటి రోజు పొద్దున ఆ వాసన వచ్చింది. నేను పక్క మీదే కూర్చుండిపోయాను."

నాన్న అంతా విని, "పాలు తగ్గించాల్నా," అన్నాడు మెల్లగా.

రెండు పదికి తిరుగు బస్సు. ఈసారి సీట్లు దొరికాయి. దొర ముందు సీట్లో వంకాయలతో, మేమిద్దరం వెనక. నా ఒళ్ళో ప్యూరు పొట్లం. చిక్కంతా అప్పుడు తెలిసొచ్చింది.

"నాయినా, ఈ ప్యూరు పోస్తే దొర నాలుగు ఏస్తడు. సూపరింటెండెంటు సారు రెండు నాలుగయిందని సంబరపడి సంతకం పెడ్తడు. మన చికోరీ పోస్తే ఒకటి పడ్తది. రెండు కాస్త ఒకటయిందని సారు ఎల్లగొడ్తడు."

"అంటే ఖరాబ్‌గ కాస్తే వంటిల్లు ఉంటది, మంచిగ కాస్తే పోతది."

"గంతే."

"సారుకు చెప్దామా, గిట్ల లెక్కని?"

"చెప్తే, నోట్‌బుక్ తీసి చూసినట్టు ఒప్పుకుంటడా? నేను ఫోన్ల విన్నట్టు నేనెట్ల ఒప్పుకుంట?"

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

"ప్యూరే కలుపు నాయినా. ఒక్క దినం," అన్నాను. ఆయన నా ఒళ్ళోంచి పొట్లం తీసుకుని సంచిలో వేసుకున్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

నాలుగింటికి వరండాలో తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, పదిమంది ప్రొఫెసర్లు, మధ్యలో హెర్మన్ దొర. నాన్న మెస్సు కాలం నాటి తెల్లకోటు వేసుకుని ట్రే పట్టుకుని వచ్చాడు. ఇత్తడి గుండీలు తళతళలాడుతున్నాయి. ట్రే నా పక్కనుంచి పోతుంటే వాసన తగిలింది. మా ఇంటి వాసన.

"నాయినా! ఏం చేసినవ్?"

"పాలు తగ్గించిన," అని ముందుకు పోయాడు.

దొర సగం కప్పు తాగి కాసేపు కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. మిగతాది తాగి ఇంకో కప్పు అడిగాడు. తర్వాత జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. సూపరింటెండెంట్ సారు అప్పటికే ఆయన కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు, పూలకుండీ సర్దుతున్నట్టు.

"ఒకటి!" అన్నాడు సారు, వినాలని ఎవరికుందో వాళ్ళందరికీ వినపడేలా. "రెండు కూడా పాయె, ఒకటి! దేవదానం, ఇగ నువ్వు నన్ననేది లేదు. రేపటి నుంచి..."

"సార్!" అన్నాను. నా గొంతు ఎక్స్ఛేంజ్‌లో దూరపు ఊళ్ళ ట్రంక్ కాల్‌కు వాడే గొంతు. కప్పులన్నీ ఆగాయి. "ఆ ఒకటి అంటే ఏందో దొరనే అడగండి సార్."

ఎవరో అడిగారు. దొర లేచి నిలబడి, బడిపిల్లలకు చెప్పినట్టు ఒకటి నుంచి ఆరు దాకా వేళ్ళు ముడిచి చెప్పాడు. ఏడెనిమిది దేశాల్లో తాగాననీ, తన నోట్‌బుక్‌లో కాఫీకి ఒకటి పడటం ఇదే మొదటిసారనీ అన్నాడు. ఒక ముసలి ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "అయితే నా క్లాసు మొత్తాన్నీ జర్మనీ పంపాలి. అందరూ ఫస్టే," అన్నాడు. నవ్వులు.

సూపరింటెండెంట్ సారు మాత్రం నవ్వలేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్క వేస్తున్నాడు. ఏ లెక్కో నాకు తెలుసు. వరండా చివరికి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"సార్, పెద్ద సారు ఇంటికి లైన్ కలపమంటారా? బుధవారం బీరు ముచ్చట చెప్పిండ్రు గద. ఆరు అంటే ఏందో జర సరిచేసి చెప్పొచ్చు."

"నువ్వు... విన్నవా?"

"లైన్ కలిసిందా లేదా చూసిన సార్. డ్యూటీ."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "పెద్ద సారు ఆ ముచ్చట పదిమందికి చెప్పుకున్నడమ్మా. మన బీరు జర్మనీని గెలిచిందని. ఇప్పుడు కాదంటే ఎట్లుంటది?"

"నాకేం ఎర్క సార్? లైన్ కలపమంటే కలుపుత."

చాలాసేపు ఆలోచించాడు. ఒక ఆఫీసరు ఆలోచించాల్సినంతసేపు.

"ఒక పని చేద్దాం. కాఫీది జర్మనీ లెక్కల చూద్దాం. బీరుది మన లెక్కల ఉండనీ. మీ నాయిన కాయితం సోమవారం పంపు, సంతకం పెడ్త. సరేనా?"

సరే అన్నాను. రెండు దేశాల మధ్య ఒప్పందాలు బహుశా ఇలాగే జరుగుతాయి.

ఆరుంబావుకు ఇంటికి బస్సు, విద్యానగర్ మీదుగా ముషీరాబాద్‌కు. నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. తెల్లకోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళకు నాలుగు మాటలు. తార్నాక ఇరానీ హోటల్‌లో చాయ్ తాగండి, ఆ వెయిటర్ మాట వినండి. మిలిటరీ హోటల్‌లో బిర్యానీ తినొచ్చు, బీరు మాత్రం దేశభక్తి ఉంటేనే. ఏ దేశం కాఫీ గొప్పదని ఎవరైనా అడిగితే, ఏ దేశపు లెక్కలో అని ముందు అడగండి. ఆ కాలంలో బాగుండేదని ఎవరైనా అంటే, ఆ కాలంలో వాళ్ళు దాన్ని తిట్టుకుంటూ తాగారేమో కనుక్కోండి.

"ప్యూరు పొట్లం ఏం చేసినవ్ నాయినా?" అని అడిగాను.

"సారు చేతికిచ్చిన. బావమరిది మెస్సుకు పనికొస్తదని."

నవ్వాపుకోలేక ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. నాన్న నవ్వలేదు. కోటు గుండీ ఒకటి బొటనవేలితో రుద్దుతున్నాడు.

"చిన్నప్పుడు మా ఊర్ల పంతులు నాకు ఎన్నడు మంచి మార్కెయ్యలే రూతూ," అన్నాడు. "రెండొచ్చిందని మూడు రాత్రులు నిద్ర పట్టలే. ఇయ్యాల ఒకటొచ్చింది. ఇగ పడ్తది."

విద్యానగర్ దాటకముందే పట్టింది. తల కిటికీ చువ్వకు ఆనించి, నోరు కొద్దిగా తెరిచి. ముషీరాబాద్ వచ్చింది. కండక్టర్ అరిచాడు. లేపడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. రెండు స్టాపులు ఎక్కువ పోయి దిగి, వెనక్కి నడుచుకుంటూ ఇంటికి చేరాం. నాన్న దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు.